శుశ్రూష : మస్కి శిల నుండి మన యింటి పడక వఱకు

మస్కి యనగానే చరిత్ర చదివినవారికి అశోక చక్రవర్తి జ్ఞప్తికి వచ్చును. 1915వ సంవత్సరమున బీడన్ అను బంగారు గనుల ఇంజనీరు మా ఊరి బండపై బ్రాహ్మీ లిపిలోని శాసనమును కనుగొనెను. అంతవఱకు దొరకిన శాసనములలో ‘దేవానాంప్రియ’, ‘ప్రియదర్శి’ యను బిరుదములే యుండగా, అశోకుడను పేరు స్పష్టముగా కనబడినది మొదట ఇచ్చటనే. ఈ సంగతి మన పిల్లలకు సయితము తెలిసినదే. మేమిప్పుడు చెప్పబూనినది ఆ చక్రవర్తి వాడిన ఒకే యొక మాటను గుఱించి.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోను అశోకుని శాసనములు గలవు. తల్లిదండ్రులకు శుశ్రూష చేయవలెనని అందొకచోట ఆజ్ఞ గలదు. మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పఱచినట్లు మఱియొకచోట గలదు. ‘శుశ్రూష’ యను సంస్కృత పదమునకు ధాత్వర్థము వినవలెనను కోరిక. పెద్దల మాట వినుట దాని మొదటి భావము; సేవ, ఉపచారము అనునవి తరువాత వచ్చిన భావములు. నేడు తెలుగులో రోగి పడక యొద్ద చేయు సేవకే ఈ మాట నిలిచినది. ఆ రెండు భావములును ఒక్కటే యని మాకు చాల ఆలస్యముగా తెలిసినది. ఆ యాలస్యము వలన కష్టపడినవారు మా తల్లిగారు.

1953లో తుంగభద్ర కాలువలకు నీరు వచ్చిన తరువాత, కోస్తా జిల్లాల నుండి అనేక కుటుంబములవారు సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతములకు వచ్చి, క్యాంపులు కట్టుకొని వరిచేలు వేసిరి. ఆ తొలినాళ్లలో క్రొత్త కోడండ్రుగా వచ్చిన స్త్రీలు నేడు ఎనుబది, తొంబది యేండ్లవారు. వారిలో కొందఱికి మతి నిలుకడ తప్పుచున్నది. దీనినే వైద్యులు డిమెన్షియా అందురు. పేర్లు మఱచుట, దారి తప్పుట మొదలగువానిని నలుగురిలో చెప్పుకొందుము. బట్టలలో మూత్రము పోవుటను మాత్రము చెప్పుకొనము. కోడలు తెల్లవారకముందే దుప్పట్లు ఉతికి పెరటిలో ఆరవేయును. ఎవరైన అడిగినచో పసిబిడ్డవని చెప్పును.

ఈ మౌనము మన యొక్కరిదే కాదు. 1901లో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో అగస్టె డీటర్ అను 51 ఏండ్ల స్త్రీ చేరెను. ఆలోయిస్ ఆల్జ్‌హైమర్ అను వైద్యుడు ఆమెను పరీక్షించెను. 1906లో ఆమె మరణించిన పిమ్మట, మెదడును సూక్ష్మదర్శినితో చూచి, అందు కనబడిన మార్పులను ఆ యేడు నవంబరులో ట్యూబింగెన్ పట్టణపు వైద్యసభలో తెలిపెను. 1907లో అచ్చయిన ఆయన వ్యాసములో మెదడును గుఱించి విపులముగా గలదు. తుదిదశలో ఆమె కాళ్లు ముడుచుకొని పడియుండెననియు, మలమూత్రములు పడకలోనే పోయెననియు, ఎంత జాగ్రత్తగా చూచుకొన్నను పడకపుండ్లు పడెననియు క్లుప్తముగా గలదు. మెదడును గుఱించి తరువాత వేలకొలది పరిశోధనలు జరిగెను. ఆ పడకను గుఱించి జరిగినవి బహు స్వల్పము.

1980 తరువాతి కాలమున అమెరికాలోని వృద్ధ శరణాలయములలో జాన్ ష్నెల్ మొదలగువారు ఒక పద్ధతిని పరీక్షించిరి. వృద్ధులు తామై అడుగువఱకు ఆగక, నియమిత కాలమునకు ఒకసారి “వెళ్లివత్తురా?” అని అడుగుట, తోడుపోవుట, పొడిగా నున్నచో మెచ్చుకొనుట - ఇంతియే ఆ పద్ధతి. దీనివలన పలువురిలో తడియుట తగ్గెను. కాని శరణాలయములో జీతపు మనుష్యులు వంతులవారీగా నుందురు. ఇంటిలో నుండునది ఒక భార్యయో, ఒక కోడలో. ఇంటి మాట యేమి? ఇంగ్లండులో డ్రెన్నన్ అను ఆచార్యురాలును ఆమె సహచరులును దీనినే వెదకిరి. ఇంట నివసించు డిమెన్షియా రోగుల విషయమై జరిగిన పరిశోధనలలో తమ నియమములకు సరిపడినవి మూడే యని 2012లో ప్రకటించిరి. అవియు పదేండ్లు పైబడినవి. అడిగి తీసికొనిపోవుట, ఒక్కొక్కరికి తగిన వేళలు ఏర్పఱచుట మేలు చేయవచ్చునను సూచన కలదు గాని, నిశ్చయముగా సిఫారసు చేయుటకు సాక్ష్యము చాలదని తేల్చిరి. ఆల్జ్‌హైమర్ ఉపన్యాసమునకు 106 ఏండ్ల తరువాతి మాట యిది!

మన దేశమున 1992లో కేరళలో ఆల్జ్‌హైమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడెను. 2010లో ఆ సంస్థవారి నివేదిక దేశములోని డిమెన్షియా రోగులు 37 లక్షలని అంచనా వేసెను. 2023లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధన, 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది యని చెప్పెను. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఒకే భాష వచ్చినవారికంటె, రెండు లేక అంతకు మించిన భాషలు వచ్చినవారిలో వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా పొడసూపినది. ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటాడు మనకు ఇది సంతోషవార్తయే. కాని ఆలస్యముగా వచ్చునదియు వచ్చునదే. వచ్చిన తరువాత, వెనుక నేర్చిన భాష ముందుగా జాఱిపోయి చిన్ననాటి భాష మిగులుట తఱచు. మా యింట జరిగినదియు అదియే.

మా తల్లిగారు పశ్చిమ గోదావరి జిల్లా నుండి పెండ్లియైన క్రొత్తలో క్యాంపునకు వచ్చిరి. నలుబది యేండ్లు సంతలో కన్నడమున బేరమాడిరి. 2013 తరువాత ఆ భాష వారిని విడిచిపోయెను. మేము ఉద్యోగములో నుంటిమి. మా యింటావిడకు తోడుగా ఒక కన్నడ యువతిని పెట్టితిమి. ఒకనాడు అమ్మ “దొడ్డికి పోవాలమ్మాయ్” అనిరి. కన్నడమున దొడ్డి యనగా పశువుల కొట్టము. ఆ పిల్ల ప్రేమతో చేయి పట్టుకొని ఆవుల యొద్దకు తీసికొనిపోయెను. అమ్మ అక్కడనే తడిసిపోయిరి. విన్నవారు నవ్విరి, మేమును నవ్వితిమి. అమ్మ నవ్వలేదు.

సంధ్యవేళ ఆమె చెంబు పట్టుకొని వీధి తలుపు వైపు నడచెడివారు. బాల్యమంతయు బయలునకు పోయిన మనిషికి, తెల్లని పింగాణీ గల గది మరుగుదొడ్డిగా తోచలేదు. ఇల్లు విడిచి పోవుచున్నారని మేము గొళ్లెము వేసితిమి. తలుపు మూసినపుడెల్ల బట్టలు తడిసెను. “చిన్నపిల్లవా?” అని గదమాయించితిమి. త్రాగు నీరు తగ్గించితిమి. అంతట మలబద్ధము, మూత్రమున మంట, జ్వరము వచ్చి కలవరింత హెచ్చెను.

రాయచూరులో ఒక వైద్యురాలు మూత్రపరీక్ష చేయించి, మందిచ్చి, “ఏయే వేళల తడియుచున్నది? వ్రాసినారా?” అని అడిగిరి. 34 ఏండ్లు పరుల హాజరుపట్టీలు వ్రాసిన గుమాస్తా యొద్ద తన తల్లిని గుఱించి ఒక్క పంక్తి లేదు! ఆ రాత్రియే గళ్ల పుస్తకము తీసి, వేళ, త్రాగినది, తడియో పొడియో, అమ్మ అన్న మాట - అని నాలుగు గళ్లు గీసితిమి. మూడు దినములలో లెక్క తేటపడెను. కాఫీ త్రాగిన ముప్పావుగంటకు, భోజనమైన గంటకు, సంధ్యవేళ, రాత్రి రెండు గంటలకు. తడియుటకు ముందు ప్రతిసారియు ఆమె కొంగు నలుపుటయో, లేచి నిలుచుటయో, చెంబు వెదకుటయో చేయుచునే యుండిరి. అమ్మ చెప్పుచునే యుండిరి, మేము వినలేదు.

ఆ వేళలకు పది నిముషములు ముందుగా తీసికొనిపోవ నారంభించితిమి. గది తలుపు తెఱచి, దీపము వెలిగించి, గుమ్మము ప్రక్క ఆమె యిత్తడి చెంబునే పెట్టితిమి. ఆ పిల్లకు ఆఱు తెలుగు మాటలు నేర్పితిమి. పగటి తడి దాదాపు పోయెను, రాత్రిది పోలేదు. చివఱి సంవత్సరమున వేళల లెక్కయు పనిచేయలేదు. డైపర్లు మార్చుట, ప్రక్క త్రిప్పుట, చర్మమును కడిగి పొడిగా నుంచుట మిగిలెను. 2017లో అమ్మ కాలము చేసిరి. పడకపుండు మాత్రము పడలేదు. ఆ ఘనత మా యింటావిడది.

ఒక యింటి లెక్క శాస్త్రము కాదని యెఱుగుదుము. అయినను మన కుటుంబములకు కొన్ని మాటలు చెప్పవచ్చును. తడియుట అకస్మాత్తుగా మొదలైనను, హెచ్చినను ముందు వైద్యునికి చూపుడు. మూత్రమున సూక్ష్మక్రిములు, మలబద్ధము, మధుమేహము, కొన్ని మాత్రలు దీనికి కారణములు కావచ్చును. భయపడి నీరు మాన్పింపకుడు. మూడు దినములు వేళలు వ్రాయుడు. పనికి వచ్చువారికి మన యింటి మాటలు నేర్పుడు. కొడుకులు దీనిని ఆడవారి పని యని తప్పుకొనకుడు. సంఘపు సభలలో ఈ విషయమును పేరు పెట్టి చెప్పుకొందము. సిగ్గుపడవలసినది రోగము కాదు.

ఆ గళ్ల పుస్తకము మా యొద్దనే యున్నది. కడపటి పుటలలో ‘అమ్మ అన్న మాట’ యను గడి ఖాళీ. పుస్తకము తెఱవకముందు రెండేండ్లు ఆమె చెప్పిన మాటలు ఎచ్చటను లేవు. మీ పెద్దలు మాటాడగలిగియుండగనే వినుడు.