ఆల్టీమీటర్

విమానం ఎంత ఎత్తులో ఎగురుతోందో పైలట్‌కు చూపే పరికరం. నిజానికి ఇది కొలిచేది ఎత్తును కాదు, గాలి పీడనాన్ని. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ తేడా అంటే సుమారు 27 అడుగులు. పరికరంలో గాలి తీసేసి మూసిన పలుచని లోహపు డబ్బీలు ఉంటాయి. విమానం పక్కభాగంలోని స్టాటిక్ రంధ్రాల గుండా అందే బయటి పీడనం తగ్గితే అవి ఉబ్బుతాయి. ఆ కాస్త కదలికనే పళ్లచక్రాలు పెంచి ముళ్లను తిప్పుతాయి.

చిక్కంతా వాతావరణంతోనే. పీడనం ఊరికో రకంగా, పూటకో రకంగా మారుతుంది కాబట్టి, దిగబోయే విమానాశ్రయం చెప్పిన అంకెను పైలట్ నాబ్ తిప్పి అమర్చుకోవాలి. ఈ ఏర్పాటున్న కచ్చితమైన ఆల్టీమీటర్‌ను పాల్ కోల్స్‌మన్ 1928లో రూపొందించాడు. మరుసటి ఏడే పైలట్ జిమ్మీ డూలిటిల్ బయటికేమీ చూడకుండా, ఈ ఆల్టీమీటర్‌తో సహా పరికరాలనే నమ్మి విమానాన్ని ఎగరేసి దింపాడు. బాగా ఎత్తుకు వెళ్లాక మాత్రం అందరూ 1013.25 హెక్టోపాస్కళ్లే పెట్టుకుంటారు. అసలు ఎత్తుకు సరిపోకపోయినా ఫర్వాలేదు, విమానాల మధ్య ఎడం నిలిస్తే చాలు.

స్టాటిక్ రంధ్రాలు మూసుకుపోతే ముల్లు చెప్పేది నమ్మడానికి లేదు. 1996లో పెరూలో, కడిగేటప్పుడు వాటిపై అంటించిన టేపు తీయడం మరిచిపోవడంతో ఏరోపెరూ బోయింగ్ 757 రాత్రివేళ సముద్రంలో కూలింది. అందులోని 70 మందీ చనిపోయారు.