కొండకి విశ్రాంతి ఎవరు తగ్గించారు? పోడు నుంచి జీడితోట దాకా



పోడు కొట్టి మీవాళ్ళే మట్టిని పాడుచేశారు, తోటలిచ్చి మేం బాగుచేస్తున్నాం అనే మాట మనలో చాలామంది విన్నదే. మన మట్టి కథ అంత చిన్నది కాదు. అందుకే ఈ పోస్టు కొంచెం పొడుగు.

పోడంటే నరికి కాల్చడం ఒక్కటే అనుకుంటారు. కాల్చాక మిగిలే బూడిదలో సున్నం, పొటాష్ ఉంటాయి. మన కొండల ఎర్రమట్టి చాలాచోట్ల పులుపు నేల. ఆ నేలలో భాస్వరం ఇనుముకి, అల్యూమినియానికి అంటుకుపోయి వేరుకి అందదు. బూడిద పడితే పులుపు తగ్గి భాస్వరం కొంత వదులవుతుంది. నత్రజని మాత్రం చాలావరకు పొగలో పోతుంది. మన పెద్దలు చోడి, సామలతో పాటు కంది, అలసంద కూడా వేసేవారు. పప్పుజాతి వేర్లు గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయని మనం ఇప్పుడు క్లాసులో చదువుతున్నాం, వాళ్ళు చేలో చూశారు.

రెండు మూడేళ్ళు పండించి ఆ చెక్కని వదిలేసేవారు. మోళ్ళు చిగిర్చేవి, తుప్ప పెరిగేది, ఆకు రాలి కుళ్ళేది. అసలు ఎరువు ఆ వదిలేసిన ఏళ్ళే. మామిడి, పనస, చింత, ఇప్ప, జీలుగ చెట్ల జోలికి గొడ్డలి పోయేది కాదు. పండ్లతోట మనకి ఎవరో కొత్తగా నేర్పింది కాదన్నమాట.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు హద్దులు గీశారు. తిరగాల్సిన కొండలో చాలా భాగం హద్దు అవతలకి పోయింది. మిగిలిన చెక్కకే తొందరగా తిరిగి రావాల్సి వచ్చింది, మట్టికి విశ్రాంతి తగ్గింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొర నడవడానికి ఉన్న కారణాల్లో పోడు మీద ఆంక్షలు కూడా ఒకటి. ఈ వరస చెప్పకుండా కొండ బోడి అయిందని మనల్ని తిట్టడం అన్యాయం.

తర్వాత జీడి. పుట్టిల్లు బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు గోవాకి తెచ్చారు. మన సీతంపేట, పార్వతీపురం కొండల్లో ఐటీడీఏ పథకాలతో బాగా పెరిగింది. డబ్బు తెచ్చింది, కాదనం. కానీ జీడిచెట్టు పోడులా లేచి ఇంకో చెక్కకి పోదు. ముప్పై ఏళ్ళు అక్కడే తింటుంది. గింజతో పాటు మట్టి బలం సంచుల్లో సంతకి దిగిపోతుంది. పెద్ద చెట్టుకి ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 125 భాస్వరం, 125 పొటాష్ వేయమని సిఫార్సు. యూరియా, సూపర్, పొటాష్‌గా లెక్కేస్తే చెట్టుకి రెండు కిలోలు పైనే. ఎకరానికి 70 చెట్లయితే 145 కిలోలు. అది తల మీద పెట్టుకుని కొండెక్కేది ఎవరు?

ఇంకో మాట, మనవాళ్ళకే. గింజ ఏరడానికి వీలుగా ఉంటుందని చెట్ల కింద ఆకు ఊడ్చి కాలుస్తున్నాం. పోడు నిప్పు వెనక ఏళ్ళ తరబడి విశ్రాంతి ఉండేది. తోటలో ఏటా కాలిస్తే నత్రజని ఏటా పోతుంది, బోడి నేల మొదటి వానకే కొట్టుకుపోతుంది. ఆ ఆకునే మొదలు చుట్టూ పరిచి, ఎగువ పక్క చంద్రవంకలా కందకం తీస్తే నీరూ మట్టీ రెండూ ఆగుతాయి. రాళ్ళు పేర్చి మెట్లపొలాలు కట్టిన సవరలకి ఈ పని కొత్తా?

2015లో భూసార కార్డు పథకం మొదలైంది. వర్షాధార భూమిలో 10 హెక్టార్లకి ఒక నమూనా. అంత కొండలో పైన రాయి, కింద ఒండ్రు ఉంటాయి. కార్డులో 12 అంశాలున్నాయి గానీ వాలు లేదు, మట్టి లోతు లేదు. పైమట్టి పరీక్ష చోడికి సరిపోతుంది. చెట్టు వేరు లోతుకి పోతుంది కాబట్టి తోటకైతే అడుగు, రెండడుగులు, మూడడుగుల లోతున విడివిడిగా తీయాలి.

2006 అటవీ హక్కుల చట్టం పట్టా ఇచ్చింది, పట్టా వదులుకునేది లేదు. అయితే పట్టా వచ్చిన చెక్క ఇక కదలదు, పాత విశ్రాంతి తిరిగి రాదు. ఆ బదులు రాతికట్టలు, కందకాలు, పశువుల ఎరువు కావాలి. పట్టా భూముల్లో ఇలాంటి పనులకి ఉపాధి హామీ కింద వీలు కల్పించారు. గ్రామసభలో మొక్కలు ఎన్ని అని అడుగుతున్నాం, కట్టలు ఎన్ని అని కూడా అడగాలి.

సెలవులకి ఊరెళ్ళినప్పుడు తాతల్ని, అవ్వల్ని కూర్చోబెట్టి అడగండి: ఏ చెక్క ఎన్నేళ్ళు వదిలేవారు, అందులో ఏ చెట్లు ఉంచేవారు? ఊరి పేరుతో రాసి ఇక్కడ పెట్టండి, అన్నీ ఒక చోట చేరుద్దాం.