యష్చురూఫ్కా కొయ్య ప్రార్థనాలయం

పోలండు దేశపు దక్షిణపుటెల్లలో, టాట్రా పర్వతాల పాదాన జకొపానె అనే పట్టణమున్నది. దానికి తూర్పున, అడవి అంచున యష్చురూఫ్కా అనే చోట యేసు తిరుహృదయానికి అంకితమైన చిన్న ప్రార్థనాలయం ఒకటి కలదు. ఎత్తైన రాతి పునాది, దుంగలు పేర్చిన గోడలు, నిట్టనిలువుగా జారే చెక్కపెంకుల కప్పు, దానిపై చిన్న గంటగోపురం. చూచినవారికి ఇది మూడు నాలుగు శతాబ్దాలనాటి పల్లెగుడి అనిపించుట సహజం. కాని దీని నిర్మాణం 1904లో మొదలై 1907లో ముగిసినది. అప్పటికే జకొపానెకు రైలుబండి వచ్చి కొన్నేండ్లు గడిచినవి. ఇంత క్రొత్త కట్టడం ఇంత ప్రాచీనంగా కనిపించుటకు కారణం శిల్పుల అలవాటు మాత్రమే కాదు. దానివెనుక ఒక జాతి ఆవేదన ఉన్నది.

పోలండులో కొయ్యగుళ్ల సంప్రదాయం నిజముగానే మిక్కిలి పాతది. జకొపానెకు ఉత్తరాన దెంబ్నో గ్రామంలోని మిఖాయేలు దేవదూత గుడి పదునైదవ శతాబ్దం చివరినాటిది. దాని లోకప్పుపై, గోడలపై అచ్చురేకులతో అద్దిన రంగుల నమూనాలు నేటికీ చెక్కుచెదరక ఉన్నవి. హాచూఫ్, బ్లిజ్నె, బినారోవా మొదలైన గ్రామాలలోను ఇట్టి గుళ్లు కలవు. వీనిలో ఆరింటిని 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినది. నగరాలలో రాతితో, ఇటుకతో కట్టిన గోతిక్ ఆలయరూపాన్ని పల్లె వడ్రంగి తన చేతికందిన కొయ్యలోనికి మార్చుకొన్నాడు. ఆ మార్పులో అనుకరణ తగ్గి, స్వతంత్రమైన కళ పుట్టినది.

ఆ కళను కాచిన రాజ్యం మాత్రం నిలువలేదు. 1772, 1793, 1795 సంవత్సరాలలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ప్రభువులు పోలండును మూడు విడతలుగా పంచుకొన్నారు. 1918 వరకు ఐరోపా పటంలో ఆ పేరుగల స్వతంత్ర రాజ్యమే లేదు. టాట్రా ప్రాంతం ఆస్ట్రియా పాలుపడినది. రష్యా ఏలుబడిలో కంటె అక్కడ పోలిష్ భాషకు, విద్యకు కొంత స్వేచ్ఛ దొరికినది. వార్సా వైద్యుడు తీతుస్ హవుబిన్‌స్కీ 1873లో జకొపానెకు వచ్చి, దాని గాలిని, ప్రజలను నలుగురికీ పరిచయం చేసినాడు. పిదప రోగులు, కవులు, చిత్రకారులు బారులు తీరినారు. అయితే వారికొరకు లేచిన విడిది ఇండ్లు పెక్కు స్విట్జర్లాండు, తిరోల్ ఫక్కికలలో ఉండెను. 1876లో వెలసిన కొయ్యచెక్కుడు పాఠశాల సైతం గురాలె కొండవాసుల పిల్లలకు పరదేశపు నమూనాలనే నేర్పుచుండెను.

స్తానిస్వాఫ్ విత్కియేవిచ్ కంటికి ఇది వింతగా తోచినది. అతడు 1851లో లిథువేనియాలో జన్మించినాడు. 1863 నాటి తిరుగుబాటు అణగిన పిమ్మట అతని కుటుంబం సైబీరియాలోని తోమ్స్క్ నగరానికి ప్రవాసం పోవలసివచ్చినది. అతడు చిత్రకారుడు, నిశితమైన కళావిమర్శకుడు. క్షయరోగ పీడితుడై 1890లో జకొపానెలో స్థిరపడినాడు. అక్కడి రైతు ఇల్లు అతనికి గ్రంథం వంటిదైనది. నడుమ నడవ, ఒకప్రక్క నిత్యవాసపు నల్లగది, మరొకప్రక్క పండుగలకు, అతిథులకు ఉంచిన తెల్లగది. కప్పును మోసే పెద్ద దూలంపై ఆరు రేకుల పువ్వు, ఇల్లు కట్టిన సంవత్సరం చెక్కియుండును. ద్వారబంధం చుట్టూ కొయ్యచీలలు వరుసతీరి అలంకారమగును. దుంగల సందులలో పేనిన చెక్కపీచు కూరి మంచుగాలిని ఆపుదురు. బలమునకై చేసినదే అందమైనది. పూర్వం పోలండు అంతటా వ్యాపించిన శిల్పరీతి ఈ కొండలలో మాత్రమే మిగిలినదని విత్కియేవిచ్ నమ్మినాడు. దానిని పెంచి జాతీయ శిల్పముగా చేయవలెనని సంకల్పించినాడు. ఆ దిక్కుగా తొలి అడుగు 1892-93లో కట్టిన ‘కొలీబా’ అనే గృహం. రైతుగుడిసెలో నాగరికులు సుఖముగా నివసింపలేరన్న వాదానికి అదే సమాధానమైనది.

షఫ్లారీ భూస్వాములైన ఉజ్నాన్‌స్కీ వంశీయుల కొరకు అతడు రూపకల్పన చేసినదే యష్చురూఫ్కా ప్రార్థనాలయం. లోపల ప్రధాన బలిపీఠం కొండవాసి ఇంటి ముఖభాగం ఆకారంలో ఉన్నది. పేదవాని ఇంటి ముంగిటనే దైవసన్నిధి వెలసినట్లు తోచును. ఇరుప్రక్కల రంగుటద్దాల కిటికీలలో రెండు మరియమాత రూపాలు కలవు. ఒకటి చెన్స్తొహోవా మాత. ఆమెతో పోలండు చిహ్నమైన గ్రద్ద. రెండవది విల్నియస్ నగరపు ఓస్త్రా బ్రామా మాత. ఆమెతో లిథువేనియా చిహ్నమైన ఆశ్వికుడు. ఈ రెండు పుణ్యస్థలాలు ఆనాడు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండెను. గుడి ఉన్న నేల ఆస్ట్రియాది. 1569లో ఏకమై, తరువాత ముక్కలైన ఉమ్మడి రాజ్యం ఆ విధముగా రెండు గాజుపలకలలో మరల కలిసినది. పటం నిరాకరించినదానిని ప్రార్థన నిలుపుకొన్నది.

చరిత్ర మాత్రం ఆ కిటికీల వెంట నడువలేదు. లిథువేనియా ప్రజలు తమ భాష పేర తమ రాజ్యాన్నే కోరినారు. 1918లో రెండు దేశాలు వేర్వేరుగా స్వతంత్రమై, విల్నియస్ నగరం కొరకు కలహించినవి. నేడు ఆ నగరం లిథువేనియా రాజధాని. విత్కియేవిచ్ ఆ దినాలు చూడలేదు. 1915లో లోవ్రాన్‌లో మరణించి జకొపానె మట్టిలో విశ్రమించినాడు. అతని శిల్పసిద్ధాంతం కూడ పూర్తిగా నిలువలేదు. అతడు పోలిష్ జాతి సొత్తనుకొన్న లక్షణాలు పెక్కు కార్పాతియన్ కొండల ఉమ్మడి వడ్రంగమే. అవి అవతలివాలున ఉన్న స్లోవాక్ పల్లెలలోను కనిపించును. మైదానాల పోలండు ఆ రీతిని స్వీకరింపలేదు. అది కొండసీమ శిల్పముగానే మిగిలినది.

అయినను ఆ ప్రయత్నం వ్యర్థమని చెప్పుట న్యాయం కాదు. రాజ్యం పోయిన జాతి తన వైభవాన్ని కోటలలో, కిరీటాలలో వెదకుట వాడుక. విత్కియేవిచ్ దానిని చదువురాని వడ్రంగి చేతిలో వెదకినాడు. కొయ్య కట్టడానికి రాతికున్న ఆయువు లేదు. చెక్కపెంకులు చివుకును, ఒక తరం పేర్చిన కప్పును మరొక తరం మార్చవలెను. కావున కొయ్యగుడి నిలుచుటకు అడవి చాలదు, ధనం చాలదు. ఆ పని తెలిసిన చేయి ఊరిలో బ్రతికియుండవలెను. యష్చురూఫ్కా గుడిలోని రాజకీయ స్వప్నం కాలంలో కరగినది. దుంగను దుంగతో కలిపిన ఆ నేర్పు మాత్రం కలలు కన్నవారి కంటె ముందే ఉన్నది, వారి తరువాతను నిలిచినది.