నాగాయలంక క్షిపణి పరీక్షా కేంద్రం

నాగాయలంక క్షిపణి పరీక్షా కేంద్రం కృష్ణా జిల్లా దివిసీమలో, నాగాయలంక మండలం గుల్లలమోద తీరాన రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఓ) చేపట్టిన ప్రయోగ స్థావరం. సుమారు రూ. 1,460 కోట్ల వ్యయంతో తలపెట్టిన ఈ కేంద్రానికి 2025 మే 2న అమరావతి సభ నుంచి ప్రధానమంత్రి నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. ప్రయోగ కేంద్రం, స్వదేశీ రాడార్లు, టెలిమెట్రీ, ఎలక్ట్రో ఆప్టికల్ వ్యవస్థలు ప్రణాళికలో ఉన్నాయి.

ఇది ఉపగ్రహ ప్రయోగాలకు కాదు. ఆ పని శ్రీహరికోటది. అక్కడ తొలి ప్రయోగం, రోహిణి-125 సౌండింగ్ రాకెట్, 1971 అక్టోబర్ 9న జరిగింది. అయితే రెండు చోట్లా స్థల నిర్ణయానికి మూలం ఒకటే: ఎదురుగా విశాలమైన బంగాళాఖాతం ఉండటం వల్ల రాలే శకలాలు జనావాసాలపై పడవు. ఒడిశాలోని చాందీపూర్ పరీక్షా కేంద్రమూ ఈ తీరానిదే.

కృష్ణానది సాగర సంగమానికి చేరువలోని ఈ ప్రాంతం మడ అడవులకు, ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు ఆవాసం. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఇక్కడే ఉంది. అందువల్ల అటవీ, పర్యావరణ అనుమతులు ప్రాజెక్టులో కీలకమయ్యాయి. తుపాను ముప్పు అంతకన్నా పాతది: 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని బలిగొంది.