కదలుబొమ్మలకు చోటెక్కడ?

1956వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని రెండు దగ్గరి పట్టణములనుండి రెండు యంత్రములు లోకమునకు వెలువడినవి. రెడ్‌వుడ్ సిటీలోని ఆంపెక్స్ సంస్థవారు ఏప్రిల్ నెలలో చికాగోలో ప్రదర్శించినది మొదటిది. రెండంగుళముల వెడల్పుగల అయస్కాంతపు టేపుపై అది టెలివిజన్ చిత్రమును పట్టి ఉంచగలిగెను. శాన్‌హోసేలో రూపొందగా ఐ.బి.ఎం. సంస్థ సెప్టెంబరులో ప్రకటించిన ‘రామాక్’ రెండవది. దాని బిళ్ళలు 50. ఒక్కొక్కదాని అడ్డుకొలత 24 అంగుళములు. బరువు టన్నుకు పైమాట. ఇంత చేసి అందులో పట్టునది 50 లక్షల అక్షరములు! నేటి హార్డ్ డిస్కునకు మూలపురుషుడు అదియే. టేపు బొమ్మలకు, బిళ్ళ లెక్కలకు అని లోకము పంచుకొన్నది. ఈ రెండు వంశములకు వియ్యము కుదురుటకు ముప్పదేండ్లకు పైగా పట్టినది.

అడ్డు వచ్చినది చోటు. 1982లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణమునుబట్టి మన దేశపు టెలివిజన్ చిత్రమును అంకెలలోనికి మార్చినచో, ఒక్క సెకనుకు రెండుకోట్ల బైట్లకు పైబడి కావలెను. ఒక్క సెకను దృశ్యమును దాచుటకు ఆరు రామాకులన్నమాట. గంటకు దాదాపు 75 గిగాబైట్లు. రేడియోవాడను గనుక ఒకమాట చెప్పక మానలేను: సి.డి. నాణ్యముగల స్టీరియో ధ్వనికి గంటకొక గిగాబైటులో మూడింట రెండువంతులైనను అక్కరలేదు. ధ్వని అల్పసంతోషి.

టేపు మాత్రము చౌక కాదు. అందుచేతనే బి.బి.సి.వారు 1978 ప్రాంతము వరకు ప్రసారమైన కార్యక్రమములను తుడిచి, అవే టేపులపై కొత్తవి ఎక్కించుచుండిరి. 1963లో ఆరంభమైన ‘డాక్టర్ హూ’ తొలినాటి భాగములు అనేకము ఆవిధముగనే పోయినవి. విదేశములకు అమ్ముటకై ఫిలిముమీద తీసిన ప్రతులవలన కొన్ని దక్కినవి. 1969లో చంద్రునినుండి వచ్చిన మూలసంకేతముల టేపులు కూడ చెరిపి మరల వాడబడి ఉండునని నాసా విచారణ 2009లో తేల్చినది. ప్రసారమునకై మార్చిన చిత్రములే మనకు మిగిలినవి. తుడిచినవారు దుర్మార్గులు కారు. చుట్టలు లెక్కపెట్టుకొను గిడ్డంగివారు.

1989లో ఆవిడ్ సంస్థవారు కంప్యూటరుమీద కూర్పుచేయు సాధనము తెచ్చిరి. చోటు చాలనందున బొమ్మను బాగుగా నొక్కి, మసకగా చేసి ఎక్కించెడివారు. మసకబొమ్మతో కూర్పు ముగించి, ఎన్నుకొన్న ఖండములను మాత్రమే మూలపు టేపునుండి స్పష్టముగా మరల తెచ్చుకొనెడివారు. ప్రతి బొమ్మకు టేపుపై టైమ్ కోడ్ అను సంఖ్య ఉండుటచే ఇది సాధ్యమైనది.

1995లో డి.వి. పద్ధతి వచ్చి ఈ విద్యను ఇంటింటికి తెచ్చినది. సెకనుకు 36 లక్షల బైట్లు, గంటకు 13 గిగాబైట్లు. అయినను ఇక్కట్లు తప్పలేదు. పాత ఏ.వి.ఐ. ఫైలు రెండు గిగాబైట్లకు మించరాదు. అనగా పదినిమిషములు నిండవు. ఫ్యాట్ 32 పద్ధతిలో సిద్ధపరచిన డిస్కుమీద ఏ ఫైలైనను నాలుగు గిగాబైట్లే; ఇరువది నిమిషములలోపే సరి. పెండ్లి టేపును దింపుకొనువానికి జీలకఱ్ఱ-బెల్లము వద్ద ఫైలు ఆగిపోయినచో, తాళికట్టు వేరొక ఫైలులో వెదకుకొనవలసివచ్చెడిది. డిస్కు నిండవచ్చినను, ఖాళీలు ముక్కలుముక్కలుగా ఉన్నను వ్రాత వెనుకబడి మధ్యబొమ్మలు జారిపోయెడివి. చిత్రమునకు వేరొక డిస్కు కేటాయించుట, టేపును ముందుగా చూచి కావలసిన చోట్లు వ్రాసికొనుట, పని ముగియగనే తుడిచివేయుట తెలిసినవారి పద్ధతి.

అట్లు తుడుచుటకు వారు వెనుదీయకపోవుటకు ఒక కారణమున్నది. డిస్కులో ఉన్నది నకలు. అసలు టేపు బీరువాలో ఉన్నది. కూర్పు వివరముల చిన్న ఫైలొక్కటి దాచుకొన్న, ఎన్నడైనను మరల దింపుకొనవచ్చును. బి.బి.సి.వారు తుడిచినది అసలునే. మెమొరీ కార్డులు వచ్చిన పిదప మనమును ఆ గిడ్డంగివారి స్థితికే వచ్చితిమి. కార్డు ఖాళీచేసి డిస్కును చెరిపినచో వెనుక మరేమియు లేదు.

నాటి చిన్న డి.వి. టేపులు ఇంకను ఎన్నో ఇండ్లలో ఉన్నవి. వాటిని దింపుటకు గంట టేపుకు గంటకాలము, 13 గిగాబైట్లు కావలెను. ఆ చోటు ఇప్పుడొక లెక్కలోనిది కాదు. దొరకుట కష్టమైనది టేపును ఆడించు క్యామెరాయే.