సద్ది

కోడి ఇంకా కూయలేదు. కుక్కలు మొదలుపెట్టాయి. ముందు చెరువుకట్ట మీద ఒకటి, తర్వాత ఊరి శివారులో నాలుగు, ఆపైన అన్నీ. పొయ్యి ముందు కూర్చున్న కోడలు తలెత్తింది. మంచంలో అత్త లేచి కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. కుక్కలు ఒక దిక్కున మొరిగితే దొంగ, నాలుగు దిక్కులా మొరిగితే మిలిట్రీ. ఈ నాలుగు నెలల్లో ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా ఆ తేడా తెలిసిపోయింది.

1949 మొదట్లో ఒక చలి తెల్లవారుజాము. నల్లగొండ జిల్లా, సూర్యాపేట తాలూకా. మీరు ఆ ఇంటి పెరట్లో, పిడకల గూడు పక్కన నిలబడి ఉన్నారు. తడిక సందుల్లోంచి పొయ్యి మంట కనబడుతోంది. దాని మీద జొన్నగట్క కుతకుతమంటోంది. (ఊరికి పేరు పెట్టలేదు, ఈ అత్తాకోడళ్ళకూ పెట్టలేదు. ఆ కాలం మనుషులు చెప్పుకున్న కథల్లో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ఇంటిని తెచ్చి మీ ముందు నిలబెట్టాను, అంతే.)

కోడలు చప్పున కుండ దింపింది. సగం గట్క కుడితి గోలెంలో పోసేయాలని రెండడుగులు వేసింది. అప్పటికే తడిక కదిలింది.

నలుగురు సిపాయిలు. వాళ్ళ వెనక దేశ్‌ముఖ్ గుమాస్తా, నెత్తిన తెల్లని గాంధీ టోపీ. ఏడాది కింద నిజాం పక్షాన ఊళ్ళ మీద పడ్డ రజాకార్లకు ఈ వాడలో ఇళ్ళు చూపించినవాడూ ఇతనే. అప్పుడు టోపీ వేరు.

సిపాయి హిందీలో ఏదో అడిగాడు. గుమాస్తా తిప్పి చెప్పాడు.

"నీ కొడుకు యాడున్నడే?"

"నాకేమెర్క దొరా. ఇల్లిడిసి ఆర్నెల్లాయె. సచ్చిండో, బతికిండో."

ఆ జవాబు ప్రతి ఊళ్ళో విన్నదే కాబట్టి సిపాయి పట్టించుకోలేదు. వంగి కుండలోకి చూశాడు. ఇంట్లో ఎందరున్నారో చుట్టూ చూశాడు. మళ్ళీ కుండలోకి చూశాడు. ఇందుకు తెలుగు రానక్కర్లేదు.

"ఇద్దరికి ఇంత గట్కెందుకని అడుగుతున్నరు."

"సద్దికి దొరా," అంది కోడలు. "పొద్దుగాల్ల చేనుకు పోతం."

"ఎవని చేనే?"

ఇది సిపాయి ప్రశ్న కాదు, గుమాస్తా సొంతంగా వేసింది. కోడలు జవాబివ్వలేదు. ఆ చేను కమ్యూనిస్టుల సంగం పంచింది. అంతకుముందు దొర పేరున ఉండేది. ఆ మూడెకరాల కోసమే ఆమె పెనిమిటి గెరిల్లా దళంలో ఉన్నాడు, ఆ మూడెకరాల కోసమే గుమాస్తా ఈ పొద్దు ఇక్కడున్నాడు.

బూటు తగిలి కుండ బోర్లా పడింది. అలికిన నేల మీద గట్క పొగలు కక్కుతూ పాకి కోడలి పాదాల దాకా వచ్చింది. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

ఈ సిపాయిలనే పోయిన సెప్టెంబరులో ఊరు ఎదురేగి పిలుచుకుంది. 13వ తేదీన సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి అడుగుపెట్టింది, 17న నిజాం లొంగిపోయాడు. బెజవాడ సడక్ మీద ట్రక్కులు వస్తుంటే రజాకార్ల పీడ విరగడైందని జనం సంబరపడ్డారు. ఈ అత్త కూడా సడక్ దాకా నడిచి వెళ్ళి కడవతో నీళ్ళిచ్చి ఉంటుంది. తర్వాత ఆ ట్రక్కులు సడక్ దిగి పల్లె బాట పట్టాయి. సంగం చేతిలో మూడు వేల ఊళ్ళున్నాయని, పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ చెప్పుకుంటోంది. పట్నంలో మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక గవర్నరుగా కూర్చున్నాడు. రజాకార్ల భయానికో సంగం భయానికో ఊరొదిలిన దొరలు ఖద్దరు కట్టుకుని, సైన్యం వెనకాలే గడీలకు తిరిగొస్తున్నారు.

సద్ది సంగతి కాస్త చెప్పాలి. తెల్లారకముందే వండి, గుడ్డలో కట్టి చేనుకు తీసుకుపోయే తిండి అది. నాలుగు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, ఇంత కారం. రెండు రొట్టెలు ఎక్కువ పెడితే అవి దారిలో మోదుగు పొదల దగ్గర దిగిపోతాయి. సాయంత్రం ఖాళీ గుడ్డ ఇల్లు చేరుతుంది. దళం బతికింది ఈ మూటల మీదే. తుపాకి పట్టినవాణ్ణి ఆమడ దూరం నుంచి పోల్చుకోవచ్చు. మోదుగులకు పోయే సద్దినీ, మొగుడికి పోయే సద్దినీ ఎట్లా పోల్చుకోవడం? పోల్చుకోలేకపోయారు గనుక వండిన ప్రతి చేతినీ అనుమానించారు. ఊళ్ళ మీద జరిగిన దానికి మూలం దళాల తుపాకుల కన్నా ఈ పొయ్యిల దగ్గరే ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది.

రండి, కళ్ళం దగ్గరికి పోదాం. పొద్దెక్కింది. మగవాళ్ళనందరినీ బోర్లా పడుకోబెట్టారు. ఆడవాళ్ళు, పిల్లలు ఎదురుగా కూర్చున్నారు. కొట్టేవాళ్ళలో కోపం కూడా లేదు. వరి మోపులు బాదినట్టు, వరసగా, అలుపొస్తే చేయి మార్చుకుంటూ కొడుతున్నారు. అత్తను ముందుకు పిలిచారు. ఆమె ఒంటి మీద దెబ్బ పడలేదు.

"నీ కొడుకు యాడ?"

"నాకెర్కలే."

ఆమె మరిది కొడుకు వీపు మీద లాఠీ పడింది. పదహారేళ్ళుంటాయేమో.

"నీ కొడుకు యాడ?"

మీరు ఆమె ముఖం చూస్తున్నారు. ఆమె మరిది భార్య ముఖం కూడా చూడండి, పక్కనే ఉంది. ఒకామె నోరు విప్పితే తన కొడుకు పోతాడు, విప్పకపోతే ఇంకొకామె కొడుకు పోతాడు. ఒకే ఇంట్లో పాతికేళ్ళు కలిసి వండుకున్న తోడికోడళ్ళు వాళ్ళు.

"నాకెర్కలే దొరా."

ఈసారి మరిది భార్య కళ్ళు దించుకుంది.

మధ్యాహ్నానికి ఆరుగురు ఆడవాళ్ళను గడిలోకి తీసుకుపోయారు. దొర ఊరొదిలిన నాటి నుంచీ సంగం మీటింగులు జరిగిన గడి. ఇప్పుడు క్యాంపు. కోడలు మూడోది. పెద్ద దర్వాజ మూసుకుంది. ఇలాంటి తలుపుల వెనక ఏం జరిగిందో బయటపడ్డవాళ్ళు తర్వాత చెప్పారు, అది అచ్చులో ఉంది. నేను మిమ్మల్ని లోపలికి తీసుకుపోను.

సాయంత్రం అత్త దర్వాజ ముందుకొచ్చింది. కొంగు చాటున మూట. పహరా సిపాయి విప్పించి లెక్కపెట్టాడు. మూడు రొట్టెలు. ఒకటి లోపలికి పంపాడు, రెండు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అక్కడే గోడవారన కూలబడింది. మూడు రోజులు అట్లాగే వచ్చింది.

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో లెక్కలున్నాయి. చనిపోయిన కమ్యూనిస్టులు, రైతులు దాదాపు 4,000. మూడు నాలుగేళ్ళు జైళ్ళలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గినవాళ్ళు 10,000 పైచిలుకు. అప్పుడప్పుడూ క్యాంపులకు ఈడ్చుకుపోయి కొట్టించుకున్నవాళ్ళు 50,000కు తక్కువ లేరు. ఒక పక్షం నాయకుడు వేసిన లెక్క అది, అట్లాగే చదవాలి. అయితే అందులో గడి గోడవారన కూర్చున్నవాళ్ళ లెక్క లేదు. అది ఎవరూ వేయలేదు.

సైన్యం ఒక్కటే కాదు. మద్రాసు రాష్ట్రంలో ఉన్న కృష్ణా జిల్లాలో ఆ పని మలబారు పోలీసులు చేశారు. 1949లోనే కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో మగవాళ్ళను బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. ఆ విగ్రహమే ఎందుకు ఎంచుకున్నారో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

దళాల చేతులకూ నెత్తురుంది. సమాచారం ఇచ్చాడని ఎవరి మీదనైనా అనుమానం వస్తే రాత్రికి రాత్రే తీర్పు అయిపోయేది. పగలు మిలిట్రీ, రాత్రి ఆ తీర్పు. మధ్యలో ఊరు. సైన్యం వచ్చాక పోరాటం ఆపాలా, సాగించాలా అని నాయకులు హోరాహోరీ వాదించుకున్నారు. ఆపాలన్నది రావి నారాయణరెడ్డి వైపు వాదన, సాగించాలన్నది సుందరయ్య వైపు వాదన. తేలక, 1951 మొదట్లో నలుగురు నాయకులు మాస్కో దాకా వెళ్ళి స్టాలిన్‌ను అడిగొచ్చారు. ఈ అత్తను అడిగినట్టు మాత్రం ఎక్కడా కనబడదు.

ఊళ్ళలో నిలవలేక దళాలు గోదావరి అడవులకు తరలిపోయాయి. మీరూ రండి. ఇల్లెందు, పాల్వంచ, ములుగు ప్రాంతాలు. 1950 దాటింది. ఇప్పపూలు రాలే కాలం. చెట్ల కింద తెల్లగా పరుచుకుని, ఏరేవాళ్ళు లేక మురిగిపోతున్నాయి. మత్తు వాసన. కోయగూడెం ఉండాల్సిన చోట నల్లని గుంజలు నిలబడి ఉన్నాయి. బూడిదలో ఒక తిరగలి రాయి మాత్రం మిగిలింది.

గూడెం జనం రోడ్డు పక్క ఊరి దగ్గర కంచె లోపల ఉన్నారు. మలయాలో తిరుగుబాటును అణచడానికి బ్రిటిష్ జనరల్ బ్రిగ్స్ 1950లో వేసిన పథకం పేరు పెట్టి, ఇలా జనాన్ని కంచెల్లోకి తరలించడాన్ని కమ్యూనిస్టులు బ్రిగ్స్ ప్లాన్ అన్నారు. సంగతి తేలికే. అడవిలో పొయ్యి వెలగకపోతే దళానికి కూడు దొరకదు. కానీ కోయవాళ్ళ కూడు కూడా అడవిలోనే ఉంది. పోడు, గడ్డలు, ఇప్పపువ్వు, తేనె. కంచెలోకి తెచ్చినప్పుడు మనుషులు వచ్చారు గానీ పోడు రాలేదు. ఆకలి వచ్చింది, దాని వెనకే జబ్బులు వచ్చాయి. కంచె పక్కన ఒక తల్లి కూర్చుని ఉంది. పిల్లవాడి చేతిలో ఉడికించిన చింతగింజలున్నాయి. వాడు తినకుండా వాటితో ఆడుకుంటున్నాడు.

ఇదే అడవిలో దళ నాయకురాలు మల్లు స్వరాజ్యం 'రాజక్క' పేరుతో తిరిగింది. ఆమె తల మీద సర్కారు పదివేల రూపాయల వెల కట్టింది. ఇదే అడవిలో కమలమ్మ అనే దళసభ్యురాలు కన్న పసివాణ్ణి ఇతరుల చేతిలో పెట్టేయవలసి వచ్చింది. బిడ్డ ఏడుపు వినబడితే దళం మొత్తం దొరికిపోతుందని. ఏళ్ళ తర్వాత, 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె ఆ సంగతి చెప్పుకుంది. పోరాటంలో ఉన్న మనుషులను ఎవరైనా 'తెగించినవాళ్ళు' అన్నప్పుడల్లా నాకు ఆ పసివాడు గుర్తొస్తాడు.

1951 అక్టోబరు 21న పార్టీ పోరాటాన్ని విరమించింది. కొద్ది నెలలకే ఎన్నికలు వచ్చాయి. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచాడు. క్యాంపుల్లో దెబ్బలు తిన్న జిల్లా అది.

ఇక మనం మొదలుపెట్టిన ఇంటికే వెళ్దాం. అత్త లేదు, పోయిన వానకాలం పోయింది. కొడుకు జైలు నుంచి వచ్చాడు. మనిషి సగమయ్యాడు, ఎడమచెయ్యి పైకి లేవదు. మూడెకరాల్లో ఎంత నిలిచిందో, ఎంత దొర కిందికి పోయిందో పటేల్ దగ్గర ఇంకా తేలలేదు. అయినా మొదటి రోజే అరక కట్టాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. కోడలు మూట అతని ముందు పెట్టింది. అతను విప్పాడు. ఆరు రొట్టెలు.

నవ్వాడు.

"ఏమే, ఒక్కనికి ఇన్నెందుకు?"

ఆమె దిగ్గున లేచి నిలబడింది. చెరువుకట్ట వైపు చూసింది. కుక్కలేవీ మొరగడం లేదు.