పట్టుకున్నవాడే వదలాలి

మా హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్ళం. తాళం ఒకటే. ఆఖరున వెళ్ళేవాడు తాళం వెయ్యాలనేది రూలు. లోపల ఎంతమంది ఉన్నారో లెక్క తప్పితే రెండే జరుగుతాయి. గది ఖాళీ అయినా తాళం పడదు, లేదా ఒకడు లోపల నిద్రపోతుండగానే పడిపోతుంది :)

ఆపరేటింగ్ సిస్టమ్‌లో రిఫరెన్స్ కౌంట్ కూడా అంతే. ఈ పద్ధతిని జార్జ్ కాలిన్స్ 1960లోనే పేపర్ రాసి చెప్పాడు. మెమరీ పేజీని వాడుకునే ప్రతివాడూ కౌంట్ ఒకటి పెంచాలి, పనైపోగానే తగ్గించాలి. తగ్గించడం మర్చిపోతే లీకు. ఎక్కువసార్లు తగ్గిస్తే, వాడుకలో ఉన్న పేజీ ఇంకొకడి చేతికి పోతుంది.

కెవిఎం 2007 ఫిబ్రవరిలో 2.6.20తో లినక్స్‌లోకి వచ్చింది. తర్వాత హోస్ట్‌లోని అసలు పీసీఐ డివైస్‌ని నేరుగా గెస్ట్‌కి అప్పగించే వీలూ వచ్చింది. డివైస్ మెమరీని నేరుగా రాస్తుంది కదా, అందుకని గెస్ట్ పేజీలు కదలకుండా పిన్ చేసి ఉంచాలి. చిక్కంతా ఇక్కడే.

2012లో బయటపడిందేంటంటే, గెస్ట్ నడుస్తుండగా మెమరీ స్లాట్ ఒకటి తీసేస్తే దాని పేజీల్ని ఎవరూ అన్‌పిన్ చెయ్యట్లేదు. షట్‌డౌన్‌లో విడిపించే కోడ్ ఉందిగానీ, అది అప్పటికి మిగిలున్న స్లాట్‌లనే చూస్తుంది. గెస్ట్‌లో రూట్ ఉన్నవాడు డివైస్‌ని పీకుతూ పెడుతూ కూర్చుంటే చాలు, హోస్టే కూలిపోతుంది. పక్కనున్న గెస్ట్‌లన్నీ దాంతోపాటే!

అసలు కథ 2014లో. మ్యాపింగ్ మధ్యలో ఫెయిలైతే, అప్పటిదాకా పట్టుకున్న పేజీలు వదిలేచోట లెక్క తప్పుగా ఉంది. సరిచేశారు. ఆ ప్యాచ్‌లోనే ఇంకో తప్పు దూరింది. పిన్ ఫంక్షన్ సైజుని బైట్లలో తీసుకుంటుంది, అన్‌పిన్ ఫంక్షన్ పేజీల సంఖ్య అడుగుతుంది. కొత్త కోడ్ రెండోదానికీ సైజే ఇచ్చింది. అంటే ఒక 4 కేబీ పేజీ వదలాల్సినచోట 4096 పేజీలు వదలమన్నట్టు! లీకుని సరిచెయ్యబోయి దానికి సరిగ్గా ఎదురు తప్పు చేశారన్నమాట. తర్వాతి ప్యాచ్ రెండు ఫంక్షన్లకీ ఒకే కొలత పెట్టింది.

చదివి నవ్వుకున్నా, కానీ నేనూ అదే చేశాను. ఒక పాత కంపెనీలో లీకు కనబడగానే ఎర్రర్ దారిలో ఒక రిలీజ్ లైను చేర్చా. కాలర్ అప్పటికే ఒకసారి వదిలేస్తున్నాడని చూసుకోలేదు. లీకున్నప్పుడు వారానికోసారి రీబూట్‌తో సరిపోయేది. నా ఫిక్స్ వెళ్ళాక కస్టమర్ డేటా పాడైంది. అది కనిపెట్టడానికే మూడు రాత్రులు పట్టింది.

ఆ పాత డివైస్ అసైన్‌మెంట్ కోడ్ 2017లో కెర్నెల్ నుంచి పోయింది, ఆ పని ఇప్పుడు వీఎఫ్ఐఓ చూసుకుంటోంది. కోడ్ పోయినా పాఠం పోలేదు. లీకు కనబడితే వెంటనే ఒక లైను చేర్చకండి. ఎవడు పట్టుకున్నాడు, ఎవడు వదలాలి, ఏ కొలతలో... ముందు ఈ మూడూ కాగితం మీద రాయండి. ప్యాచ్ ఆ తర్వాత.